యజావా ఎయికిచి పాటలు: ఏవి హెడ్‌ఫోన్స్‌లో వినాలి, ఏవి స్టేజ్ మీద చూడాలి

నమస్తే అండి. ఇవాళ్టి రివ్యూ ఒక ఆల్బమ్ మీద కాదు, ఒక గొంతు మీద. జపాన్ రాక్ గాయకుడు యజావా ఎయికిచి. అభిమానులు ముద్దుగా "ఎయ్‌చాన్" అంటారు. 1949 సెప్టెంబర్ 14న హిరోషిమాలో పుట్టారు. 2022 ఆగస్టులో టోక్యో నేషనల్ స్టేడియంలో రెండు రోజులు వరసగా పాడారు. అప్పటికి ఆయనకు 72 దాటాయి.

ముందు పేరు సంగతి. జపాన్‌లోనూ మనలాగే ఇంటిపేరు ముందొస్తుంది. యజావా అనేది ఇంటిపేరు, ఎయికిచి అసలు పేరు. ఇంగ్లీష్ సైట్లు దీన్ని తిరగేసి ఎయికిచి యజావా అని రాస్తాయి. రెండూ ఒక్కరే, కంగారు పడకండి.

ఈయన గురించి వెతికితే మొట్టమొదట కనబడేది తెల్ల సూటు, తెల్లటి టేపు చుట్టిన మైక్ స్టాండు, గాల్లోకి లేస్తున్న వేల తువ్వాళ్లు. అది చూసి "ఓహో, హుషారు పాటల మనిషి" అనుకుని ఫాస్ట్ పాటలతో మొదలుపెడితే రెండు పాటలకే బోర్ కొడుతుంది. ఎందుకంటే ఆ ఫాస్ట్ పాటల్లో సగం ప్రాణం స్టేజ్ మీదే ఉంది, రికార్డులో లేదు. స్లో పాటలు అలా కాదు. వాటి పని స్టూడియోలోనే పూర్తయిపోయింది. స్లో పాట రికార్డులో వినండి, ఫాస్ట్ పాట లైవ్‌లో చూడండి. ఈ వీడియో అంతా ఈ లెక్క మీదే నడుస్తుంది.

మొదటి పాట "తొకియొ తొమరె". "కాలమా, ఆగు" అని అర్థం. 1978లో షిసెయిదో సౌందర్య సాధనాల ప్రకటన కోసం వచ్చింది, జపాన్ అమ్మకాల పట్టికలో ఒకటో స్థానానికి వెళ్లింది. బాణీ యజావాది, సాహిత్యం యమకవ కెయిసుకెది. ఆయన పెద్ద పాటలు చాలావాటికి ఇదే పద్ధతి: బాణీ తనది, మాటలు ఇంకొకరివి.

ఈ పాట వెతకడంలో ఒక తిరకాసు ఉంది. టైటిల్లో కాలం అన్న మాటకు రాసిన రెండు చిత్రాక్షరాలను మామూలుగా "జికన్" అని చదువుతారు. ఈ పాటలో మాత్రం వాటిని "తొకి" అని పాడాలి. కాబట్టి జికన్ అని టైప్ చేసేవాళ్లకు ఒక రకం ఫలితాలు, తొకి అని టైప్ చేసేవాళ్లకు ఇంకో రకం. జపనీస్ అక్షరాల్లో టైటిల్ డిస్క్రిప్షన్‌లో పెట్టాం, అది కాపీ చేసి వెతకండి. అప్పుడు కూడా పైన తేలేవాటిలో కరవోకె ట్రాకులు, వేరేవాళ్లు పాడినవి కలిసి ఉంటాయి. గాయకుడి పేరు, 1978 అన్న సంవత్సరం రెండూ సరిచూసుకున్నాకే ప్లే నొక్కండి. తర్వాతి లైవ్ వెర్షన్లు బాగుంటాయి కానీ ఈ ఒక్క పాటకు అవి మొదటి పరిచయంగా పనికిరావు.

ఎందుకంటే ఇందులో వాయించినవాళ్లు ఎవరో చూడండి. కీబోర్డు సకమొతొ ర్యూయిచి, డ్రమ్స్ తకహషి యుకిహిరొ. అదే ఏడాది చివర్లో వీళ్లిద్దరూ హొసొనొ హరుఒమితో కలిసి ఎల్లో మ్యాజిక్ ఆర్కెస్ట్రా అనే బ్యాండ్ మొదటి ఆల్బమ్ తెచ్చారు. సకమొతొ ఆ తర్వాత సినిమా సంగీతానికి ఆస్కార్ కూడా అందుకున్నారు. బేస్ గిటార్ గొతొ త్సుగుతొషి. ఇంతమంది దిట్టలు ఒకచోట చేరితే మామూలుగా ఎవరి గొప్ప వాళ్లు చూపించుకుంటారు. ఇక్కడ ఒక్కరూ చూపించుకోలేదు. తకహషి డ్రమ్స్ మీద బలం వెయ్యరు, లయ ఎక్కడ ఉందో వేలితో చూపించినట్టు ముట్టుకుని వదిలేస్తారు. కీబోర్డు వెనకాల పల్చగా పరుచుకుని ఉంటుంది. మధ్యలో వదిలిన ఆ ఖాళీ అంతా గొంతు కోసం.

ఆ గొంతు చేసే పని ఒకచోట దగ్గరగా వినండి. పాటలో పసిఫిక్ అన్న ఇంగ్లీష్ మాట వస్తుంది. దానికి ముందు ఒక "ఆ..." ఉంటుంది. ఆ "ఆ" దగ్గర ఆయన గొంతు పెంచరు, ఊపిరి కలిపి మెత్తబరుస్తారు. పసిఫిక్‌లో హల్లుల్ని తేలిగ్గా దాటేసి అచ్చుల మీద నిలబడతారు. ఇదే ఆయన ముద్ర. తెలుగువాళ్లకు ఇది చప్పున పట్టుబడుతుంది, ఎందుకంటే జపనీస్ కూడా దాదాపు అజంత భాషే. తొ-కి-యొ-తొ-మ-రె: ఆరు అక్షరాలు, ఆరూ అచ్చుతోనే ముగుస్తాయి. పైగా మన లిపిలో హ్రస్వ ఎ, హ్రస్వ ఒ ఉన్నాయి కాబట్టి ఈ టైటిల్‌ని ఉన్నదున్నట్టు రాసుకోవచ్చు. హిందీ లిపిలో రాసేవాళ్లకు ఈ సుఖం లేదు.

ఎలా వినాలి? ఫోన్ స్పీకర్ వద్దు. బేస్ గిటార్ అడుగు తీగ సుమారు 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది, ఫోన్ స్పీకర్ అంత కిందికి దిగలేదు. బేస్ పోతే పాట పల్చబడిపోయి మామూలు ప్రేమపాటలా వినబడుతుంది. అలాగని యాప్‌లో బేస్ బూస్ట్ కూడా పెట్టకండి. గొంతు అడుగు భాగం, బేస్ కలిసిపోయి బురదలా తయారవుతుంది. ఈక్వలైజర్ ఆపేసి, మామూలు వైర్ హెడ్‌ఫోన్స్‌తో వింటే చాలు. ఇంకో చిక్కు: అప్పటి రికార్డింగులు ఇప్పటి పాటలంత గట్టిగా ఉండవు. మీ ప్లేలిస్టులో కొత్త పాట తర్వాత ఇది వస్తే "ఏంటీ, చప్పగా ఉంది" అనిపిస్తుంది. పాట తప్పు కాదది. యాప్ సెట్టింగ్స్‌లో అన్ని పాటల వాల్యూమ్ సమానం చేసే ఆప్షన్ ఆన్ చేయండి, లేదా ఈ పాట వచ్చినప్పుడు రెండు గీతలు పెంచుకోండి.

దీని తర్వాత "అయ్ లవ్ యూ, ఓకే". 1975 సెప్టెంబర్‌లో సోలోగా ఆయన మొదటి సింగిల్. అదే పేరున్న ఆల్బమ్‌ని లాస్ ఏంజెలెస్ వెళ్లి టామ్ మ్యాక్ నిర్మాణంలో రికార్డు చేశారు. అంతకుముందు సంగతి తెలిస్తేనే ఈ పాట ఎంత తెగింపో అర్థమవుతుంది. 1972 నుంచి 1975 దాకా ఆయన "కారల్" అనే బ్యాండ్‌లో బేస్ వాయిస్తూ పాడేవారు. లెదర్ జాకెట్లు, నూనె పెట్టి వెనక్కి దువ్విన జుట్టు, మూడు నిమిషాలు కూడా లేని రాక్ అండ్ రోల్ పాటలు. 1975 ఏప్రిల్ 13న టోక్యో హిబియా ఆరుబయటి వేదిక మీద బ్యాండ్ చివరి షో, ఆ చివర్లో స్టేజ్ సెట్టుకు నిప్పంటుకుంది కూడా. అలాంటి మనిషి ఐదు నెలలకే తంత్రీవాద్యాలు పెట్టి నెమ్మదిగా సాగే ప్రేమపాట తెచ్చారు. లెదర్ జాకెట్ అభిమానికి ఇది మింగుడు పడే సరుకు కాదు. ఇప్పుడు వింటే మాత్రం ఆ ఆల్బమ్‌కి తలకాయ ఇదే. గొంతు ఇంకా కుర్రది, పై స్వరాల దగ్గర కాస్త బిగుసుకుంటుంది. దాన్ని లోపం అనుకోవచ్చు, మా లెక్కలో పాటకు అదే అందం.

కారల్ పాటల్లో ఒక్కటే వినాలంటే 1973లో వచ్చిన "ఫంకీ మంకీ బేబీ". సాహిత్యం అదే బ్యాండ్ గిటారిస్టు జానీ ఒకురాది. జపనీస్, ఇంగ్లీష్ ఒకే వాక్యంలో గుద్దుకుంటాయి. జపనీస్ మాటల్ని కూడా ఇంగ్లీష్ యాసలో తిప్పుతారు. తర్వాత వచ్చిన జపనీస్ రాక్ గాయకుల్లో చాలామందికి ఈ యాస అంటుకుంది. ఒకసారి వింటే చాలు, ముందుకెళ్దాం.

"ఎస్ మై లవ్", 1982. కోకాకోలా ప్రకటన పాట. ప్రకటన పాట అనగానే పెదవి విరవకండి, పైన చెప్పిన తొకియొ తొమరె కూడా అదే దారిలో వచ్చింది. ఆ రోజుల్లో జపాన్‌లో పాట ఇంటింటికీ చేరేందుకు టీవీ ప్రకటన పెద్ద వాహనం. పదిహేను సెకన్లలో జనాన్ని పట్టుకోవాలి కాబట్టి బాణీ ఎత్తుగడ సూటిగా ఉంటుంది. ఈ కాలంలో ఆయన అమెరికా వాద్యకారులతో పనిచేస్తున్నారు, డూబీ బ్రదర్స్ అనే అమెరికన్ రాక్ బ్యాండ్ నుంచి జాన్ మక్‌ఫీ, బాబీ లకైండ్ లాంటివాళ్లతో. దాంతో శబ్దం శుభ్రంగా, నునుపుగా తయారైంది. నిజం చెప్పాలంటే ఆ ఆల్బమ్‌లు మొత్తం ఒకే ఊపులో వింటే ఆ నునుపే విసుగు పుట్టిస్తుంది. ఈ పాట విడిగా వింటే మాత్రం మెరుస్తుంది. రాత్రి హైవే మీద కారులో వినడానికి బాగుంటుంది.

1994లో ఆయన టీవీ సీరియల్లో బడి మాస్టారుగా నటించారు, పేరు "అరి యొ సరబ". అందులోంచి "ఇత్సుక నొ హి" కాదు, "ఇత్సు నొ హి క" వెతకండి. రెండు టైటిళ్లూ చూడ్డానికి కవలల్లా ఉంటాయి, టైప్ చేసేటప్పుడు చాలామంది దొర్లేది ఇక్కడే. "ఎప్పుడో ఒకరోజు" అని అర్థం. పల్లవి చేరేదాకా ఓపిక పట్టాలి.

ఇక ఫాస్ట్ పాటలు. "ట్రావెలిన్ బస్", 1976. సాహిత్యం నిషిఒక క్యోజొ. ఊరూరూ బస్సులో తిరిగే బ్యాండ్ బతుకు. "కురొకు నురిత్సుబుసె", 1977, "నల్లగా పులిమెయ్" అని అర్థం, ఇదీ నిషిఒక మాటలే. రెండిటినీ స్టూడియో వెర్షన్‌లో వినొద్దు, కచేరీ వీడియోలో చూడండి. 1977లో ఆయన టోక్యోలోని పెద్ద హాలు బుడోకాన్ ఎక్కారు, 1978లో కొరకుఎన్ స్టేడియం. ఆ రోజుల పాటల్ని యాభై దాటాక, డెబ్బై దాటాక పాడిన వీడియోలు పక్కపక్కన పెట్టి చూడండి. గొంతులో గరుకు పెరిగింది, పై స్వరం దగ్గర ఒత్తిడి కనబడుతుంది. కానీ మాటని లయకు వెంట్రుకవాసి వెనక వెయ్యడం, ఆ లాగుడు, వయసుతోపాటు ముదిరింది. స్టూడియో రికార్డులో ఇది దొరకదు.

చివరగా తువ్వాళ్ల పాట, "తొమరనై హా హా", 1986. ఇందాకటి తొమరె, ఈ తొమరనై ఒకే క్రియ నుంచి వచ్చినవి. అక్కడ "ఆగు", ఇక్కడ "ఆగని". స్టూడియోలో వింటే 80ల నాటి గట్టి డ్రమ్ శబ్దం, సాదాసీదా బాణీ, పదికి ఐదు ఇస్తాం. స్టేడియం వీడియోలో పదికి పది. పల్లవిలో హా హా పడగానే జనం భుజాల మీది పెద్ద తువ్వాళ్లు ఒక్కసారిగా పైకి విసురుతారు. ఎప్పుడైనా టికెట్ దొరికి జపాన్ వెళ్లేవాళ్లుంటే రెండు జాగ్రత్తలు. ఆయన కచేరీకి మందు కొట్టి వస్తే లోపలికి రానివ్వరు, ఇది గట్టి రూలు. తువ్వాలు ముఖం తుడుచుకునే చిన్నది కాదు, స్నానం తువ్వాలంత ఉండాలి. దాన్ని ముందుకు విసరొద్దు, ముందువాళ్ల నెత్తిన పడుతుంది. మధ్యలో పట్టుకుని నిట్టనిలువుగా పైకి వదలండి. గాల్లో విచ్చుకుని తిరిగి మీ చేతుల్లోకే వస్తుంది, మళ్లీ హా హా వచ్చేలోపు.