లోతే రంగును తేల్చిన చోట: కృష్ణారెడ్డి శిల్పమూ, ముద్రణా

నమస్కారం. మన విశాఖ బీచ్ రోడ్డులో పోలిక తెలియని శిల్పమేదైనా కనబడితే చాలామంది మొదట అడిగేది "ఇదేటి బొమ్మండీ?" అనే. ఆ ప్రశ్నను తప్పుపట్టలేను గాని, కృష్ణారెడ్డి ముద్రణ చిత్రాల ముందు మాత్రం ఇది ఎలా తయారైందని అడిగితేనే చూపు ముందుకు సాగుతుంది.

చిత్తూరు జిల్లా నందనూరులో 1925లో పుట్టిన కృష్ణారెడ్డి శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర చిత్రకళ అభ్యసించి, లండన్‌లో హెన్రీ మూర్ వద్ద, పారిస్‌లో జాడ్కిన్ వద్ద శిల్పం నేర్చుకున్నారు. ఆ తరువాత స్టాన్లీ విలియం హేటర్ నడిపిన అటెలియే 17 అనే ముద్రణ కార్యశాలలో చేరినా, ఆయనలోని శిల్పి ఎక్కడికీ పోలేదు. లోహపు ప్లేటునే శిల్పంగా భావించి, ఆమ్లంతో తినిపించి, చెక్కి, గీకి, నునుపు చేసి, అందులో మెట్టలూ పల్లాలూ తీర్చేవారు.

అసలు విశేషం రంగులు వేయడంలో ఉంది. రంగుల ముద్రణకు మామూలుగా ఒక్కో రంగుకు ఒక్కో ప్లేటు చేసుకుంటారు. ఆయనా, తోటి కళాకారుడు కైకో మోతీ కలిసి ఆ కార్యశాలలో రూపొందించిన విస్కాసిటీ (అంటే ఇంకు చిక్కదనం) పద్ధతికి ఒకే ప్లేటు, ప్రెస్సులో ఒకే ఒత్తు సరిపోతాయి. అవిసె నూనె ఎక్కువ కలిపిన పలుచని ఇంకును గట్టి రోలరుతో దొర్లిస్తే అది మెట్టలకే అంటుతుంది. నూనె తక్కువైన చిక్కటి ఇంకుతో మెత్తటి రోలరును నొక్కితే, అది కుంగి పల్లాలను అందుకుంటుంది గాని, అప్పటికే నూనెతో తడిసిన మెట్టలు ఆ రెండో రంగును పట్టుకోవు. అంటే ఏ రంగు ఎక్కడ నిలవాలో లోతే తేలుస్తుంది. ఆయన ముద్రణను శిల్పమని నేననడానికి ఇంతకన్నా బలమైన కారణం అక్కర్లేదు.

1963 నాటి ఆయన ముద్రణ 'వర్ల్‌పూల్' (సుడిగుండం) చూడండి. నైరూప్యమంటే, అంటే పోలిక లేని కళంటే, ప్రకృతిని వదిలేయడమని కొందరంటారు, నేనొప్పుకోను. భీమిలిలో గోస్తనీ సముద్రంలో కలిసే చోట నీటి లాగుడు గమనించినవారికి, ఇందులో నీటి రూపం లేకపోయినా దాని బలం ఉందని వెంటనే తెలుస్తుంది.

ఫోను తెర మీద సగం పని కనబడదు. ప్రెస్సులో తడి కాగితం ప్లేటు లోతుల్లోకి దిగుతుంది కనుక, అక్కడి పల్లాలు కాగితం మీద మెట్టలై లేస్తాయి. అసలు ముద్రణ చూసే అవకాశం వస్తే పక్కకు జరిగి, ఏటవాలు వెలుతురులో చూడండి.