నోసీని విడదీసిన రాత్రి: ‘అసాసిన్స్ అప్రెంటిస్’ మీద మా చదువరుల మాట

నమస్కారం. హైదరాబాదు, చిక్కడపల్లి నుంచి మాట్లాడుతున్నాను. ఈ రోజు రాబిన్ హాబ్ రాసిన ‘అసాసిన్స్ అప్రెంటిస్’ గురించి చెబుతాను. 1995లో వచ్చిన ఈ ఇంగ్లీషు ఫాంటసీ నవలను మేము ఐదుగురం రెండు నెలలపాటు చదివి, మొన్న ఆదివారం ఇందిరా పార్కులో కూర్చుని మాట్లాడుకున్నాం. అభిప్రాయాలు ఎంతగా విడిపోయాయంటే, నా ఒక్కరి మాట చెప్పి ఊరుకోవడం న్యాయం కాదనిపించింది.

యువరాజు చివల్రీకి వివాహేతర సంబంధం వల్ల పుట్టిన కొడుకు ఫిట్జ్. ఆరేళ్లప్పుడు తల్లి తరఫు తాత వాణ్ని తెచ్చి సైనికులకు అప్పగించి వెళ్లిపోతాడు. గుర్రపుశాలలు చూసే బరిచ్ దగ్గర, నోసీ అనే కుక్కపిల్ల పక్కన ఆ పిల్లవాడు పెరుగుతాడు. వాడికి పుట్టుకతోనే ‘విట్’ అనే శక్తి ఉంది. అంటే జంతువు మనసూ వాడి మనసూ ఒకదానికొకటి అందుతాయి. రాజవంశానికి చెందిన ‘స్కిల్’ అనే మరో శక్తి సాటి మనిషి మనసులోకి చొరబడగలదు, దానికి గౌరవం ఉంది. విట్‌ను మాత్రం మైలగా చూస్తారు. ఈ తేడా చదువుతున్నప్పుడు తనకు మన ఊళ్లలోని అంటరానితనమే గుర్తొచ్చిందని మాలో ఒకరు అన్నారు. నేనూ ఒప్పుకుంటాను.

సంగతి తెలిసిన బరిచ్, నోసీని పిల్లవాడి నుంచి వేరు చేస్తాడు. మా చర్చలో సగం సమయం ఈ ఘట్టం దగ్గరే గడిచింది. రాజేంద్రనగర్‌లో పశువైద్యం చదువుతున్న అమ్మాయి బరిచ్‌ను క్షమించలేనని గట్టిగా చెప్పింది. యజమాని దూరమైన కుక్క తిండి మానేసి మూల కూర్చోవడం తాను కళ్లారా చూశానని, ఆ పిల్లవాడి బాధ తనకు కల్పనగా అనిపించలేదని అంది. తెలుగు మాస్టారుగా పదవీ విరమణ చేసిన పెద్దాయన ఒప్పుకోలేదు. విట్ ఉన్నవాళ్లను బతకనివ్వని లోకంలో ఆ పసివాణ్ని కాపాడటానికి బరిచ్‌కు వేరే దారి తెలియదని ఆయన వాదన. ఆయన ధర్మరాజును కూడా గుర్తు చేశారు. స్వర్గం దాకా వెంట వచ్చిన కుక్క చివరికి ధర్మదేవతగా తేలింది కాబట్టి మన మనసు కుదుటపడుతుంది; నోసీ మాత్రం మొదటి నుంచీ వట్టి కుక్కే, అయినా దాని కోసం మనం అంతగా తల్లడిల్లుతాం, రచయిత్రి గొప్పతనం అదే అన్నారు. ఆ మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. బరిచ్ మంచివాడా, చెడ్డవాడా అని తేల్చకుండా, కుక్కను చంపేశారనే నమ్మిన పిల్లవాడి కళ్లతోనే ఆ రాత్రిని చూపించడం వల్ల మనకు తీర్పు చెప్పే వీలు దొరకదు.

ఇద్దరు స్నేహితులు మాత్రం నిరాశపడ్డారు. అందరూ పొగిడే నైట్‌ఐస్ అనే తోడేలు కోసం వాళ్లు ఎదురుచూశారు, అది 1996లో వచ్చిన రెండో భాగంలో గానీ రాదు. మధ్యలో కథ నత్తనడక నడుస్తుందన్న ఫిర్యాదూ నిజమే. స్కిల్ నేర్పే గేలెన్ క్రూరత్వం అన్ని పేజీలు అక్కరలేదు, ఫిట్జ్ చిన్ననాటి స్నేహితురాలు మోలీ పాత్ర పలచగా ఉంది.

అయితే జంతువుల బంధం తక్కువగా ఉందన్న మాట నేను ఒప్పుకోను. ఎర్ర ఓడల దోపిడీదారులు కొందరిని ఎత్తుకెళ్లి, వాళ్లలోని మనిషితనాన్ని తుడిచేసి వదిలేస్తారు. ఎలుకనైనా, గుర్రాన్నైనా పసిగట్టగల ఫిట్జ్‌కు ఎదురుగా నిలబడ్డ ఆ మనుషుల దగ్గర ఏమీ తగలదు, ఖాళీ తగులుతుంది. మనిషిని పశువుగా మారుస్తుందని భయపడి దాచమన్న శక్తే, ఎవరిలో మనిషి మిగల్లేదో ముందుగా గుర్తుపట్టింది. ఈ పుస్తకాన్ని నేను రెండోసారి చదివింది ఇందుకోసమే.

పెంచిన జంతువును ఈ మధ్యనే పోగొట్టుకున్నవారు కొంతకాలం ఆగి చదవండి. నోసీ ఏమైందో తెలిసినవారు దయచేసి కామెంట్లలో రాయకండి. మాస్టారుగారికి ఇంకా చివరి వంద పేజీలు మిగిలి ఉన్నాయి.