నాలుగు అడుగుల అక్వేరియం: చోటు నుంచి చేపల దాకా

నమస్కారం అండి. ఇంట్లో పెద్ద అక్వేరియం పెట్టుకోవాలి అనుకునేవాళ్లు ముందుగా అడిగేది "ఏ చేపలు వేయాలి?" అని. చేపల సంగతి ఈ వీడియోలో చివర్లో వస్తుంది. ఫిల్టర్ చాలకపోతే ఇంకోటి కొనుక్కోవచ్చు. లైటు నచ్చకపోతే మార్చుకోవచ్చు. నీళ్లు నింపేశాక ట్యాంకును మాత్రం ఒక్క అంగుళం కూడా జరపలేం. అందుకే ముందు చోటు, ఆ తర్వాత స్టాండు, మట్టం, నీళ్లు. ఆఖరున చేపలు.

ఈరోజు మా పిన్ని వాళ్లింట్లో పెడుతున్నాం. ట్యాంకు నాలుగు అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. అద్దం మందం 10 మిల్లీమీటర్లు. అంచు దాకా పోస్తే 255 లీటర్లు పడతాయి, పైన కాస్త ఖాళీ వదిలితే 230 దాకా. అంటే నీళ్లే 230 కిలోలు. అద్దాలు 50, అడుగున వేసే గులకరాళ్లు 40, స్టాండు ఓ 35. మొత్తం 350 కిలోల పైమాటే. ఐదుగురు పెద్దవాళ్లు ఒకేచోట రాత్రీ పగలూ నిలబడి ఉన్నట్టు అనుకోండి.

మామూలుగా ఇళ్లలో గదుల స్లాబును చదరపు మీటరుకు సుమారు 200 కిలోల లెక్కన డిజైన్ చేస్తారు. ఈ ట్యాంకు ఆక్రమించే చోటు అర చదరపు మీటరు కంటే కాస్త ఎక్కువ, అంతే. స్లాబు బరువును చుట్టూ పంచుతుంది కాబట్టి టెన్షన్ పడక్కర్లేదు. కానీ గది నడిమధ్య పెట్టకండి. కింద బీమ్ ఉన్న గోడ చూసుకుని, ట్యాంకు పొడవు ఆ గోడ వెంబడి వచ్చేలా పెట్టండి. బీమ్ ఎక్కడుందో తెలియకపోతే కింది పోర్షన్ వాళ్ల సీలింగ్ చూస్తే తెలిసిపోతుంది. బాల్కనీలో అసలు వద్దు. ఐదారు అడుగుల ట్యాంకు అయినా, ఇల్లు పాతదైనా, ఇంజనీరుకి చూపించాకే కొనండి.

ఎండ నేరుగా పడే కిటికీ పక్కన కూడా వద్దు. నీళ్లు వేడెక్కుతాయి, పచ్చగా నాచు పట్టేస్తుంది.

షాపులో ఎత్తుగా, సన్నగా ఉన్న ట్యాంకులు చూడ్డానికి బాగుంటాయి. నేనైతే వాటిని తీసుకోవద్దనే చెప్తాను. నీళ్లలోకి ఆక్సిజన్ చేరేది పైభాగం నుంచి, అందుకే ఎత్తు కంటే వెడల్పు ముఖ్యం. పైగా రెండున్నర అడుగుల లోతు ఉంటే అడుగున ఉన్న రాయిని సర్దడానికి చెయ్యి అందదు. వెడల్పు ఎక్కువున్న ట్యాంకే కొనండి. సైజు విషయంలో కూడా భయపడకండి, చిన్న ట్యాంకు కంటే పెద్దదే తేలిక. మేత కాస్త ఎక్కువ పడినా, చేప ఒకటి చచ్చినా, ఇన్ని నీళ్లు అంత త్వరగా పాడవవు.

తమ్ముడూ, కెమెరా ఇటు తిప్పు. ఇది ఇనుప స్క్వేర్ పైపుతో వెల్డింగ్ చేయించిన స్టాండు. పైన 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్, దాని మీద థర్మకోల్ షీటు. ప్లైవుడ్ మీద చిన్న ఇసుక రేణువు ఉన్నా బరువంతా అక్కడే నొక్కుకుని అడుగు అద్దం పగలొచ్చు. ఆ నొక్కుడును థర్మకోల్ తీసుకుంటుంది. ఇప్పుడు రసమట్టం పెట్టి చూద్దాం. పొడవునా చూడండి, అడ్డంగా చూడండి, ఒక మూల నుంచి ఇంకో మూలకి కూడా చూడండి. బుడగ చూశారా, కుడివైపు పోతోంది. అంటే ఎడమవైపు కిందికి ఉంది. అప్పుడు స్టాండు ఎడమ కాలి కింద రేకు ముక్క పెట్టాలి. ట్యాంకుకీ థర్మకోల్‌కీ మధ్య మాత్రం ఏదీ దూర్చకండి.

కరెంటు విషయం రెండు ముక్కల్లో. ప్లగ్గులోకి వెళ్లే ప్రతి వైరూ సాకెట్ కంటే కిందికి వేలాడి, మళ్లీ పైకి వెళ్లాలి. వైరు మీదుగా జారిన నీటి చుక్క ఆ వంపు దగ్గరే కింద పడిపోతుంది, సాకెట్లోకి పోదు. ఇంట్లో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే సప్లై ఆపేసే స్విచ్చు లేకపోతే ట్యాంకు కంటే ముందు అది పెట్టించండి. నీళ్లలో చెయ్యి పెట్టేటప్పుడు ప్లగ్గులన్నీ తీసేయండి.

ఇక రాళ్లు. మన దగ్గర చాలామంది ఇల్లు కట్టినప్పుడు మిగిలిన తాండూరు బండ ముక్కలు, కడప రాళ్లు అందంగా పేర్చేస్తారు. అవి సున్నపురాళ్లు. నీళ్లలో మెల్లగా కరిగి నీటి గట్టిదనం, అంటే నీళ్లలో కరిగి ఉండే సున్నం లాంటి లవణాలను పెంచుతాయి. అనుమానం ఉంటే పొడి రాయి మీద నిమ్మరసం పిండి దగ్గర నుంచి చూడండి. ఇదిగో, ఈ ముక్క అంచున సన్నటి బుడగలు వస్తున్నాయి కదా, ఇది పక్కన పెట్టేద్దాం. ఈ గ్రానైట్ ముక్క మీద ఏమీ లేదు, దీన్ని వాడుకోవచ్చు. గులకరాళ్లను సబ్బు పెట్టకుండా, నీళ్లు తేటగా వచ్చేదాకా కడగాలి. దీనికి ఓపిక కావాలి.

నీళ్లు పోసేటప్పుడు రాళ్ల మీద ఒక పళ్లెం పెట్టి దాని మీద పోస్తే రాళ్లు చెదరవు. సగం నిండాక ఆగి, అద్దం మీద నీటి గీత పై అంచుకి సమాంతరంగా ఉందో లేదో స్కేలు పెట్టి కొలవండి. తేడా ఉంటే ఇప్పుడే తోడేసి సరిచేసుకోవాలి. సరిగ్గా ఉంటే నింపి, ఒక రోజంతా కింద పొడి గుడ్డ పరిచి ఉంచండి. లీకేజీ ఉంటే గుడ్డ చెప్తుంది.

మున్సిపల్ నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. షాపులో యాంటీ క్లోరిన్ దొరుకుతుంది, సీసా మీద రాసినంత వేయండి. బోరు నీళ్లయితే బకెట్ అంచున, గీజర్ కాయిల్ మీద తెల్లటి పొర పడుతోందా చూడండి. పడుతుంటే అవి గట్టి నీళ్లు. ఆ నీళ్లు మోలీలు, గప్పీలు, ఆఫ్రికా సిక్లిడ్‌లకు చక్కగా సరిపోతాయి. నియాన్ టెట్రాల లాంటివి మెత్తటి నీటి చేపలు, అవి అక్కడ ఇబ్బంది పడతాయి. మందులు పోసి నీటిని మార్చుకుంటూ కూర్చోవడం కంటే మీ నీళ్లకు తగిన చేపను తెచ్చుకోవడమే సుఖం.

ఫిల్టర్ గంటకు ట్యాంకు నీళ్లను నాలుగైదు సార్లు తిప్పాలి. మనకు గంటకు 1000 లీటర్ల పైన ఉన్నది కావాలి. లోపల స్పాంజి, సిరామిక్ రింగులు ఉండేది తీసుకోండి. కరెంటు పోతే పనికొచ్చేలా బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి ఇంట్లో ఉంచుకోండి. ఎండాకాలంలో ఇది మరీ ముఖ్యం, వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ నిలుస్తుంది.

నీళ్లు నిండాయి, ఫిల్టర్ తిరుగుతోంది. పిన్ని అడుగుతోంది: "ఇంక చేపలు తెచ్చేద్దామా నాన్నా?" ఇప్పుడే వద్దు పిన్నీ. ఇంకో నాలుగు నుంచి ఆరు వారాలు ఆగాలి.

ఎందుకో చెప్తాను, ఈ వీడియోలో అన్నింటికంటే ముఖ్యమైన మాట ఇదే. చేప విసర్జించేదాంట్లో, మిగిలిపోయిన మేతలో నుంచి అమ్మోనియా పుడుతుంది. అది చేపకు విషం. దాన్ని ఒక రకం బ్యాక్టీరియా నైట్రైట్‌గా మారుస్తుంది, అదీ విషమే. ఇంకో రకం దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది, అది కొంత మేరకు ఉన్నా ఫర్వాలేదు. ఈ బ్యాక్టీరియా ఉండేది ఎక్కువగా ఫిల్టర్‌లోని స్పాంజి, రింగుల మీద. కొత్త ఫిల్టర్‌లో అవి ఉండవు, పెరగడానికి అన్ని వారాలు పడుతుంది. కొత్త ట్యాంకులో చేపలు వారంలోపే చచ్చిపోయాయి, దిష్టి తగిలింది అంటారు చూడండి, చాలాసార్లు జరిగేది ఇదే.

అందుకని రోజూ చిటికెడు మేత ఖాళీ ట్యాంకులోనే వేయండి. అది కుళ్లి అమ్మోనియా ఇస్తుంది, బ్యాక్టీరియాకు అదే తిండి. చుక్కల టెస్ట్ కిట్ కొనుక్కుని చూస్తూ ఉండండి. మేత వేస్తున్నా అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా, నైట్రేట్ మాత్రం కనబడుతోంది అంటే ట్యాంకు సిద్ధం. తెలిసినవాళ్ల ఆరోగ్యమైన పాత ట్యాంకు నుంచి ఫిల్టర్ స్పాంజి ముక్క తెచ్చి పెడితే ఇంకా త్వరగా అవుతుంది. ఈలోగా మొక్కలు నాటుకోవచ్చు పిన్నీ.

చేపలు కొనేటప్పుడు అది ఎంత పెరుగుతుందో అడిగాకే డబ్బులివ్వండి. షాపులో వేలెడంత ఉండి శార్క్ పేరుతో అమ్మేది చాలాచోట్ల మన జిల్లాల్లో చెరువుల్లో పెంచే పంగాసియస్సే. అది కిలోల్లో పెరిగే చేప, నాలుగు అడుగుల ట్యాంకు దానికి చాలదు. నాచు తింటుందని ఇచ్చే సక్కర్ ఫిష్ కూడా అడుగుకి పైగా పెరుగుతుంది. పెద్దదయ్యాక చెరువులో వదిలేస్తారు. కృష్ణా నీళ్లలో, ఆక్వా చెరువుల్లో వలలు చింపేస్తున్న దెయ్యం చేప ఇదే. దయచేసి దేన్నీ బయట నీళ్లలో వదలకండి, షాపుకే తిరిగి ఇచ్చేయండి.

పిన్ని వాళ్లవి గట్టి నీళ్లు కాబట్టి ఇక్కడ మోలీలు, ప్లాటీలు వేస్తాం. మొదట ఐదారే. కవరును పావుగంట నీళ్లమీద తేలనిచ్చి, తర్వాత ట్యాంకు నీళ్లు కొద్దికొద్దిగా అందులో కలిపి, వలతో చేపల్ని మాత్రమే లోపల వదలండి. కవరులో నీళ్లు బయట పారబోయండి. వారం ఆగి, అమ్మోనియా సున్నాలోనే ఉంటే ఇంకో ఐదారు. వారానికోసారి పావు వంతు నీళ్లు మార్చండి, ఆ తీసిన నీళ్లలోనే ఫిల్టర్ స్పాంజిని నెలకోసారి పిండండి. కుళాయి కింద పెట్టి కడిగితే క్లోరిన్‌కి బ్యాక్టీరియా పోతుంది, మళ్లీ మొదటికి వస్తాం.