కాగితం వదిలి, కళ్ల ముందున్నది చెప్పండి

పెద్దలకు నమస్కారం. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఆగస్టు 29న గిడుగు రామమూర్తి పంతులుగారి జయంతికి మీలో కొందరు ఇక్కడే, మన పర్లాకిమిడిలో, మైకు ముందుకు రాబోతున్నారు. టెన్షన్‌గా ఉందని నిన్న ఇద్దరు ముగ్గురు చెప్పారు. అందుకే నాకు జరిగింది ఒకటి చెబుతాను.

నేను మొదటిసారి మాట్లాడింది బరంపురంలో. నాలుగు కాగితాల నిండా పెద్ద పెద్ద మాటలు రాసుకెళ్లాను. రెండో కాగితంలో ఉండగానే ముందు వరసలో ఒకావిడ సంచిలోంచి చిక్కుడుకాయలు తీసి ఈనెలు ఒలవడం మొదలుపెట్టింది. ఫ్యాను గాలికి మూడో కాగితం ఎగిరిపోయింది. ఇక చేసేదిలేక మా తాత పశువుల కొమ్ములతో బొమ్మలు చేసే పని గురించి చెప్పాను. కొమ్మును నిప్పు సెగకు పట్టి, మెత్తబడగానే కొంగ మెడలా వంచేవాడు. ఇల్లంతా వెంట్రుకలు కాలిన వాసన. ఆ మాటకు ఆవిడ చేతులు ఆగాయి, తలెత్తి చూసింది. సభకు కావలసింది అదేనని నాకు ఆ రోజు తెలిసింది.

పంతులుగారు 1880లో ఈ ఊరికి బడిపంతులుగా వచ్చారు. చుట్టుపక్కల ఉండే సవర గిరిజనుల మాట ఆయనకు తెలియదు. వాళ్లే తెలుగు నేర్చుకోవాలని కూర్చోలేదు, సవర తెలిసినవాణ్ణి ఇంట్లో పెట్టుకుని తానే నేర్చుకున్నారు. ఆ కృషే 1931లో సవర వ్యాకరణంగా, 1938లో నిఘంటువుగా వచ్చింది. వినేవాడి భాషలోకి ముందు మనం వెళ్లాలి. మన పిల్లల్లో చాలామంది బడిలో ఒడియా చదువుతారు, ఇంట్లో తెలుగు మాట్లాడతారు. వాళ్ల ముందు గ్రంథాల తెలుగు దేనికి? ఒడియా మాటే చప్పున తడితే, అదే అనండి. తప్పేం లేదు.

నిడివి గురించి ఒక్క మాట. పంతులుగారు పుట్టిన 1863లోనే, అమెరికాలో గెటిస్‌బర్గ్ అనే ఊళ్లో ఒకాయన రెండు గంటలు మాట్లాడాక ఆ దేశాధ్యక్షుడు లింకన్ లేచి రెండు మూడు నిమిషాల్లో ముగించాడు. ఇవాళ్టికీ జనం తలుచుకునేది ఆ చిన్న ప్రసంగాన్నే.

మొదటి వాక్యం, చివరి వాక్యం మాత్రం నోటికి రావాలి. మధ్యలో తడబడితే ఆగండి, ఊపిరి తీసుకోండి. జనం ఎదురుచూస్తారు. నిజంగానే ఎదురుచూస్తారు, నేను చూశాను.

రేపు సాయంత్రం ఇక్కడికే రండి. మీ ఇంట్లోంచి ఏదైనా ఒక వస్తువు తెచ్చి, దాని గురించి మూడు నిమిషాలు చెప్పండి. నేను చివరి వరసలో కూర్చుంటాను. వినబడకపోతే చెయ్యెత్తుతాను.