అన్నభేది వేశాం, రంగు పోయింది, సీఓడీ మాత్రం దిగలేదు

యాంకర్: నమస్కారం. విజయవాడ నుంచి మన ఫోన్-ఇన్ కార్యక్రమానికి స్వాగతం. ఈ రోజు విషయం, నీళ్లలో కలిసిన రసాయనాలను ఇనుము సాయంతో విరగ్గొట్టడం. నీటి శుద్ధి ప్లాంట్లలో చాలాకాలం పనిచేసి, ఇప్పుడు పిల్లలకు కెమిస్ట్రీ చెబుతున్న మాస్టారు మనతో ఉన్నారు. లైన్‌లో అప్పుడే ఒకరు ఉన్నారు. హలో, ఎక్కణ్ణుంచండీ?

కాలర్: మంగళగిరి నుంచి మేడం. మాది నూలు అద్దకం పని. మాస్టారూ, చిలపలు అద్దాక మిగిలే నీళ్లలో అన్నభేది, హైడ్రోజన్ పెరాక్సైడ్ వేస్తే రంగు విరుగుతుందని తెలిసినాయన చెప్పాడు. వేశాం. రంగు చాలావరకు పోయింది. ల్యాబ్‌కి పంపితే మాత్రం సీఓడీ, అదే నీళ్లలోని మలినాలను విరగ్గొట్టడానికి ఎంత ఆక్సిజన్ కావాలో చెప్పే లెక్క, లీటరుకు 800 మిల్లీగ్రాములు ఉన్నది 760 అయిందన్నారు. ఇంకోసారి పంపితే మొదటికంటే ఎక్కువే వచ్చింది! ల్యాబ్ వాళ్లే ఏదో తేడా చేస్తున్నారని మావాడి అనుమానం.

మాస్టారు: ల్యాబ్ సంగతి తర్వాత చూద్దాం. ఏ రంగులు వాడతారు?

కాలర్: రియాక్టివ్ రంగులండి. ఉప్పు, సోడా యాష్ వేసి అద్దుతాం.

మాస్టారు: అన్నభేది వేసేముందు యాసిడ్ కలిపారా?

కాలర్: లేదండి. ఆయన యాసిడ్ మాటే ఎత్తలేదు.

మాస్టారు: అయితే మీరు చేసింది అసలు పని కాదు. సోడా యాష్ ఉన్న నీళ్లకు క్షారం ఎక్కువ, పులుపు, క్షారం ఎంతో చెప్పే కొలత పీహెచ్ పది దాటి ఉంటుంది. అందులో అన్నభేది వేయగానే ఇనుము కరిగి ఉండదు, పచ్చగానో గోధుమ రంగులోనో మడ్డి కట్టి అడుగుకు దిగుతుంది. దిగుతూ కొంత రంగును అంటించుకుని పోతుంది. మీకు కనిపించిన తేట అదే. రంగు విరగలేదు, తొట్టి పైనుంచి అడుగుకు మారింది, అంతే.

యాంకర్: అసలు జరగాల్సింది ఏమిటి మాస్టారూ?

మాస్టారు: అన్నభేది అంటే ఫెర్రస్ సల్ఫేట్, అందులో ఉన్నది ఫెర్రస్ అనే రకం ఇనుము. అది నీళ్లలో కరిగి ఉండగా పెరాక్సైడ్ తగిలితే, పెరాక్సైడ్ రెండుగా చీలి హైడ్రాక్సిల్ రాడికల్ అనే మహా చురుకైన ముక్క పుడుతుంది, దీన్నే ఫెంటన్ చర్య అంటారు. ఆ రాడికల్ సెకనులో అతి చిన్న భాగం కూడా బతకదు, ఆలోపే పక్కన ఏ అణువు ఉంటే దాన్ని కరుస్తుంది. రంగు, మందు, ఫినాల్, ఏదని చూడదు. ఈ పని బాగా జరిగేది పీహెచ్ మూడు దగ్గర. నాలుగు దాటితే మందగిస్తుంది. మీది పది. ఇంకొకటి, సోడా యాష్‌లోని కార్బొనేట్ పుట్టిన రాడికల్స్‌ను తానే తినేస్తుంది.

కాలర్: మరి సీఓడీ పెరగడం ఏమిటండీ?

మాస్టారు: ల్యాబ్ వాళ్లు సీఓడీ కొలిచేది డైక్రోమేట్ అనే ఆక్సీకరణ రసాయనంతో. నీళ్లలో పెరాక్సైడ్ మిగిలి ఉంటే డైక్రోమేట్ దాని మీద కూడా ఖర్చవుతుంది. లీటరులో 500 మిల్లీగ్రాముల పెరాక్సైడ్ మిగిలితే, లేని సీఓడీ 235 దాకా లెక్కలోకి వస్తుంది. ఆ ల్యాబ్‌ను ఏమీ అనకండి. శాంపిల్ తీసేముందు పెరాక్సైడ్ పోయిందో లేదో స్ట్రిప్‌తో చూడాల్సింది మీరే.

కాలర్: ఎంత వేయాలో ఒక లెక్క చెప్పండి మాస్టారూ. రాసుకుంటాను.

మాస్టారు: పుస్తకం లెక్క ప్రకారం ఒక గ్రాము సీఓడీకి 2.1 గ్రాముల పెరాక్సైడ్ కావాలి. మీది లీటరుకు 800 మిల్లీగ్రాములు కాబట్టి వెయ్యి లీటర్లకు 1.7 కిలోలు. అది అచ్చమైన పెరాక్సైడ్. బజారులో దొరికేది 50 శాతందయితే 3.4 కిలోలు. ఇనుము ఆ అచ్చమైన పెరాక్సైడ్‌లో పదో వంతు అనుకుని మొదలుపెడదాం, 170 గ్రాములు. అన్నభేదిలో ఇనుము ఐదో వంతే, కాబట్టి 850 గ్రాముల అన్నభేది. దీన్ని నేరుగా తొట్టిలో పోయకండి. ముందు ఒక లీటరు నీళ్లు తీసుకుని 3.4 గ్రాములు, 0.85 గ్రాములతో చూడండి. తర్వాత కాస్త ఎక్కువ, కాస్త తక్కువ చేసి చూడండి. పెరాక్సైడ్ మరీ ఎక్కువైతే అది కూడా రాడికల్స్‌ను తినేస్తుంది, డబ్బు దండగ.

వరస మాత్రం తప్పకూడదు. ముందు సల్ఫ్యూరిక్ యాసిడ్ కొంచెం కొంచెంగా నీళ్లలో పోస్తూ పీహెచ్ మూడుకు తేవాలి. సోడా ఉంది కదా, బుసబుసా నురగ వస్తుంది, తొట్టి నిండా నీళ్లు పెట్టుకోకండి. తర్వాత అన్నభేది. అది కరిగాక పెరాక్సైడ్, అదీ ఒక్కసారిగా కాదు, విడతలుగా. గంటసేపు కలియబెట్టాలి. చివర సున్నం వేసి పీహెచ్ ఎనిమిది దగ్గరికి తెస్తే ఇనుమంతా మడ్డిగా దిగిపోతుంది. ఇనప డ్రమ్ము వద్దు, ప్లాస్టిక్ తొట్టి వాడండి. గ్లౌజులు, కళ్లద్దాలు లేకుండా ముట్టుకోవద్దు. శాంపిల్ సీసాకు మూత గట్టిగా బిగించకండి, లోపల గ్యాస్ పుట్టి పగులుతుంది.

కాలర్: అప్పుడు సీఓడీ సున్నా అవుతుందా?

మాస్టారు: కాదు, ఎవరన్నా అవుతుందంటే నమ్మకండి. రంగునిచ్చే బంధం ముందు తెగుతుంది, అందుకే రంగు త్వరగా పోతుంది. విరిగిన ముక్కలు ఇంకా నీళ్లలోనే ఉంటాయి. ఆక్సాలిక్ ఆమ్లం లాంటివి ఆ రాడికల్‌కు కూడా ఒక పట్టాన లొంగవు. అయితే ఆ ముక్కల్ని బ్యాక్టీరియా తినగలదు, అందుకే తర్వాత మామూలు జీవశుద్ధి ఉంటే బాగుంటుంది. కాలవలోకి వదిలే నీళ్లకు సీఓడీ పరిమితి లీటరుకు 250 మిల్లీగ్రాములు. ఇంకో మాట. మీ నీళ్లలోని ఉప్పు దీంతో పోదు. పైగా ఉప్పులోని క్లోరైడ్ ఈ చర్యకు అడ్డు. వీలైతే ఉప్పు బదులు గ్లాబర్ సాల్ట్‌తో, అంటే సోడియం సల్ఫేట్‌తో అద్దండి.

కాలర్: మంచిదండి మాస్టారూ.

యాంకర్: తర్వాతి కాల్. హలో?

కాలర్: సింగ్‌నగర్ నుంచమ్మా. మా బోరు నీళ్లు పట్టేటప్పుడు తెల్లగా ఉంటాయి, గంటయ్యేసరికి ఎర్రబడతాయి. టీ పెడితే నల్లగా వస్తోంది. ఇందాక సార్ చెప్పిన అన్నభేది, పెరాక్సైడ్ ట్యాంకులో పోయమంటారా?

మాస్టారు: వద్దమ్మా, దయచేసి వద్దు! ఇందాక చెప్పింది మురుగునీళ్లకు. మీ నీళ్లలో ఇనుము ఉన్నట్టుంది, టీలోని టానిన్ అనే వగరు పదార్థంతో కలిసి నల్లబడుతోంది. మీరు మళ్లీ ఇనుము వేయడం ఎందుకు? భూమిలో గాలి తగలదు కాబట్టి ఇనుము కరిగి ఉంటుంది, పైకి వచ్చాక గాలి తగిలి తుప్పులా మారుతుంది. ఇక్కడ ఆమ్లం కాదు, కాస్త క్షారమే మేలు. పీహెచ్ ఒక్కటి పెరిగితే ఈ తుప్పు పట్టడం వంద రెట్లు త్వరగా జరుగుతుంది. నీళ్లను షవర్‌లా చిల్లుల్లోంచి ట్యాంకులో పడనివ్వండి, తేరనివ్వండి, ఇసుక ఫిల్టరులోంచి పంపండి. తాగడానికి మాత్రం టెస్టు చేయించకుండా వాడకండి. తేటగా ఉన్నాయని క్రిములు లేనట్టు కాదు.

యాంకర్: గుంటూరు నుంచి ఒక విద్యార్థి.

కాలర్: సార్, ఇనుము ఉత్ప్రేరకం అంటారు కదా. ఉత్ప్రేరకం చర్యను వేగం చేస్తుందే గానీ తాను ఖర్చు కాదు. మరి 850 గ్రాములు ఎందుకు?

మాస్టారు: మంచి ప్రశ్న బాబూ. ఫెర్రస్ ఒక్కసారి పని చేశాక ఫెర్రిక్ అనే ఇంకో రకం ఇనుము అవుతుంది. పెరాక్సైడ్ దాన్ని మళ్లీ ఫెర్రస్‌గా మారుస్తుంది, కానీ ఈ వెనక్కి వచ్చే దారి మొదటి దానికంటే వేల రెట్లు నిదానం. కాబట్టి కాగితం మీదే ఉత్ప్రేరకం, తొట్టిలో దాదాపు ఖర్చయ్యే సరుకే. అందుకే మడ్డి. ఎండలోని అతినీలలోహిత కాంతి ఫెర్రిక్‌ను మళ్లీ ఫెర్రస్‌గా మారుస్తుంది, రాడికల్ కూడా ఇస్తుంది. దీన్ని ఫోటో-ఫెంటన్ అంటారు. స్పెయిన్‌లోని ఆల్మెరియాలో ఎండతోనే దీనిపై పరిశోధనలు చేశారు. ఎండకు మనకేం కరువు? నీళ్లు చిక్కటి రంగులో ఉంటే మాత్రం వెలుతురు లోపలికి పోదు, అది గుర్తుంచుకో.

యాంకర్: ఫెంటన్ అంటే మనిషి పేరా?

మాస్టారు: అవునమ్మా, ఇంగ్లండ్ రసాయన శాస్త్రవేత్త. 1894లో ఆయన రాసింది టార్టారిక్ ఆమ్లం గురించి, మన చింతపండులో ఉండేదే. నీటి శుద్ధి ఆయన మనసులో లేదు. రాడికల్ మాట 1934లో హేబర్, వైస్ అనే శాస్త్రవేత్తలు చెప్పారు. రాడికలా, అధిక ఆక్సీకరణ స్థితిలోని ఇనుమా అని పెద్దలు ఇప్పటికీ వాదించుకుంటున్నారు, గుంటూరు బాబూ, నువ్వు పరీక్షలో మాత్రం రాడికలే రాయి.

యాంకర్: చివరి కాల్. చెప్పండి.

కాలర్: తెనాలి దగ్గర పల్లెటూరండి. అన్నభేది అంటే మాకు తెలిసింది ఆకుల మీద కొట్టేది. నిమ్మ ఉప్పు కలపమంటారు, అదెందుకు?

యాంకర్: ఇది వ్యవసాయ కార్యక్రమం కాదండీ...

మాస్టారు: ఫర్వాలేదమ్మా, సంగతి ఒకటే. ఒట్టి నీళ్లలో అన్నభేది త్వరగా తుప్పుపట్టి మడ్డవుతుంది, ఆకు పీల్చుకోదు. నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ ఆమ్లం, నీళ్లను పుల్లగా ఉంచి, ఇనుమును పట్టుకుని కరిగే స్థితిలో ఉంచుతుంది. కలిపిన వెంటనే కొట్టండి, మర్నాటికి దాచకండి. మోతాదు మీ వ్యవసాయాధికారిని అడగండి.

యాంకర్: మంగళగిరి కాలర్ నుంచి మెసేజ్ వచ్చింది. మడ్డి ఎక్కడ పారేయాలి అంటున్నారు.

మాస్టారు: పొలంలో కాదు, కాలవ గట్టునా కాదు. ఇనుముతోపాటు రంగు ముక్కలు కూడా అందులో ఉంటాయి. ఆరబెట్టి, సంచుల్లో కట్టి, పొల్యూషన్ బోర్డు అనుమతి ఉన్న చోటికి పంపాలి. ఒక్కరికి ఆ ఖర్చు మోయలేనంత అవుతుంది. నలుగురైదుగురు అద్దకం వాళ్లు కలిసి ఒక తొట్టి, ఒక మడ్డి ఏర్పాటు పెట్టుకుంటే గిట్టుబాటవుతుంది. లీటరు పరీక్ష చేసే ముందే ఆ మాట మాట్లాడుకోండి.