టైటిల్ ఉంది, సీటు లేదు: ఆస్కార్ పియాస్ట్రి ఎక్కిన నిచ్చెన

(తెరపై: ఇటలీలోని ముజెల్లో సర్క్యూట్. 2020 సెప్టెంబర్ 13.)

ఫార్ములా వన్‌కు రెండు మెట్లు కింద ఉండే ఫార్ములా త్రీలో ఆ ఏడాదికి ఇదే చివరి రేసు. పట్టికలో పైనున్న ఇద్దరికీ సరిగ్గా 160 పాయింట్లే. అమెరికా కుర్రాడు లోగన్ సార్జెంట్ అయిదో స్థానం నుంచి బయలుదేరుతున్నాడు. ఆస్ట్రేలియాకు చెందిన ఆస్కార్ పియాస్ట్రి పదకొండో స్థానంలో ఉన్నాడు.

మొదటి ల్యాపులోనే సార్జెంట్ కారు మరో కారును తాకి ఆగిపోయింది. ఇక టైటిల్ ఆస్కార్‌దే అనుకుంటే తొందరపడ్డట్టే. పదిహేడేళ్ల ఫ్రెంచి కుర్రాడు టియో పుర్షేర్ మూడో స్థానంలో ముగించి తన మొత్తాన్ని 161కి చేర్చాడు. ఆస్కార్ ఒక్కో కారునే దాటుకుంటూ ఏడో స్థానానికి వచ్చాడు. ఏడో స్థానానికి నాలుగు పాయింట్లు. 164. టైటిల్ దక్కింది.

చిత్రమేమిటంటే, ఆ సీజన్ మొత్తంలో అతను గెలిచినవి రెండే రేసులు. అందరికంటే ముందు నుంచి రేసు మొదలుపెట్టే చోటు, అంటే పోల్ పొజిషన్, ఒక్కసారి కూడా దక్కలేదు. నేరు దారిలో వేగం పెంచడానికి కారు వెనుక రెక్కలో ఒక పలక తెరుచుకుంటుంది, దాన్నే డీఆర్ఎస్ అంటారు. అతని కారులో అది పలుమార్లు మొరాయించింది. అయినా వారం వారం ఏవో కొన్ని పాయింట్లు మూటగట్టుకుంటూనే వచ్చాడు. నాకు అతని అసలు ప్రతిభ కనిపించేది ఇక్కడే. గెలవలేని రోజున ఏం చేయాలో తెలియడం ఈ ఆటలో చిన్న విషయం కాదు.

(తెరపై: చిన్న రిమోట్ కారు గిరగిరా తిరుగుతూ ఉంటుంది.)

అతను మెల్‌బోర్న్‌లో 2001లో పుట్టాడు. మొదట నడిపింది రిమోట్ కారు. తొమ్మిదేళ్లకే పెద్దవాళ్లతో పోటీపడి జాతీయ స్థాయిలో గెలిచాడు. తర్వాత చిన్న కార్ల రేసులు, కార్టింగ్. కానీ ఫార్ములా వన్ దారి యూరప్ మీదుగానే పోతుంది. పదిహేనేళ్లకే ఇంగ్లండ్ చేరాడు. కొన్ని నెలలు తండ్రి తోడుండి వెళ్లిపోయాక హాస్టల్లో ఉండి చదువుకున్నాడు. వారాంతం వస్తే హెల్మెట్, సోమవారం పుస్తకాల సంచి.

2017లో బ్రిటిష్ ఫార్ములా ఫోర్‌లో రెండో స్థానం. మరుసటి ఏడాది ఫార్ములా రెనో యూరోకప్‌లో ఎనిమిదో స్థానంతో సరిపెట్టుకున్నాడు. 2019లో అదే పోటీలో ఛాంపియన్ అయ్యాడు. ఆ గెలుపు చూసి రెనో సంస్థ కుర్ర రేసర్లను తీర్చిదిద్దే తన అకాడమీలోకి తీసుకుంది. ఈ మెట్ల మీద ఒక్కో సీజనుకు కోట్ల రూపాయలు కావాలి కాబట్టి, పెద్ద సంస్థ నీడన చేరడం అంటే సగం గండం గట్టెక్కినట్టే.

(తెరపై: ఒకే రకం కార్లు, రంగులు మాత్రమే వేరు.)

ఫార్ములా త్రీలోనూ, టూలోనూ అందరికీ ఒకే రకం కారు, ఒకే ఇంజన్, ఒకే కంపెనీ టైర్లు. త్రీలో ఇంజన్ శక్తి సుమారు 380 హార్స్‌పవర్, టూలో సుమారు 620. అలవాటు పడేందుకు సమయం ఇస్తారా అంటే, రేసుల ముందు సాధనకు దొరికేది 45 నిమిషాలే. ఆ తర్వాత నేరుగా, ఎవరు ఏ స్థానం నుంచి బయలుదేరాలో తేల్చే అర్హత పోటీ.

2021లో ఆస్కార్ ఫార్ములా టూలో అడుగుపెట్టాడు. మన ముంబై కుర్రాడు జెహాన్ దారువాలా కూడా అదే ఏడాది అందులో నడిపి ఏడో స్థానంలో నిలిచాడు. ఆస్కార్ మాత్రం చివరి అయిదు రౌండ్లలో అయిదు పోల్ పొజిషన్లు, మొత్తం ఆరు విజయాలతో తొలి ఏడాదే ఛాంపియన్ అయ్యాడు. మూడేళ్లలో మూడు పోటీలు, మూడు టైటిళ్లు.

(తెరపై: వైకుంఠపాళి పటం. నిచ్చెన చివరి గడి మీద ఎర్రగీత.)

వైకుంఠపాళిలో నిచ్చెన దొరికితే పై గడి మనదే. ఇక్కడ పై గడిలో అప్పటికే ఎవరో కూర్చుని ఉంటారు. 2022లో ఫార్ములా వన్‌లో ఉన్నవి పది జట్లు, ఇరవై సీట్లు. కొత్తవాడికి దొరికిన పూర్తికాలపు సీటు ఒక్కటే. అది ఫార్ములా టూలో ఆస్కార్ కంటే వెనుక, మూడో స్థానంలో వచ్చిన జో గ్వాన్యూకు వెళ్లింది. అతనూ అదే అకాడమీ కుర్రాడే. చైనా నుంచి ఫార్ములా వన్‌కు వచ్చిన మొదటి రేసర్.

పోనీ ఇంకో ఏడాది ఫార్ములా టూ నడుపుదామా అంటే, నిబంధనలు ఒప్పుకోవు. ఛాంపియన్ అయినవాడు మళ్లీ అందులో దిగకూడదు. రెండో స్థానంలో వచ్చి ఉంటే దిగవచ్చు! పైకి చోటు లేదు, ఉన్నచోట ఉండనివ్వరు. 2022 ఛాంపియన్ ఫెలిపే ద్రుగోవిచ్‌కూ, 2023లో గెలిచిన పుర్షేర్‌కూ మరుసటి ఏడాది ఎదురైంది ఇదే.

అలా 2022 అంతా ఆస్కార్ ఆల్పైన్ జట్టుకు రిజర్వ్ డ్రైవర్, అంటే అసలు రేసర్ దిగలేకపోతేనే నడిపేవాడు. రెనో జట్టుకే అది కొత్త పేరు. పాత కారుతో పరీక్షలు, సిమ్యులేటర్, ఆదివారాలు గ్యారేజీలో చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఇతరుల రేసు చూడటం.

(తెరపై: ఫోను తెర. తేదీ: 2022 ఆగస్టు 2.)

జట్టులోని ఫెర్నాండో అలోన్సో వేరే జట్టుకు వెళ్తున్నట్టు ముందురోజే తెలిసింది. ఆల్పైన్ ఆ సీటు ఆస్కార్‌కు ఇస్తున్నట్టు ప్రకటించింది. ఆ ప్రకటనలో ఆస్కార్ మాట ఒక్కటి కూడా లేదు. ఎందుకు లేదో కొన్ని గంటల్లోనే తెలిసింది. తాను వచ్చే ఏడాది ఆల్పైన్‌కు నడపబోవడం లేదని అతనే ట్విట్టర్‌లో రాశాడు. ఇరవై ఒక్క ఏళ్ల కుర్రాడు, అప్పటికి ఒక్క ఫార్ములా వన్ రేసు కూడా నడపలేదు!

తగవు ఒప్పందాల బోర్డు ముందుకు వెళ్లింది. సెప్టెంబర్ 2న తీర్పు వచ్చింది. చెల్లేది జూలై 4న మరో జట్టు మెక్లారెన్‌తో ఆస్కార్ చేసుకున్న ఒప్పందం ఒక్కటే.

(తెరపై: బహ్రెయిన్, రాత్రి, ఫ్లడ్‌లైట్లు. 2023 మార్చి 5.)

ఫార్ములా టూ గెలిచిన పదిహేను నెలలకు తొలి రేసు. పద్దెనిమిదో స్థానం నుంచి బయలుదేరాడు. కొన్ని ల్యాపులకే కారులో విద్యుత్ సమస్య. ట్రాక్ పక్కన కార్లను సరిచేసే పిట్‌లోకి పిలిచి స్టీరింగ్ ఊడదీసి కొత్తది బిగించారు. అది కూడా పని చేయలేదు. పదమూడు ల్యాపులు తిరిగిన ఆస్కార్ బెల్టులు విప్పుకుని కారు దిగాడు.