ఆపేశాక మిగిలే వేడి

సభకు నమస్కారం.

అణు విద్యుత్తు మీద చర్చ పెడితే సగం మంది చెర్నోబిల్ ప్రమాదం అంటారు, మిగతా సగం బొగ్గు పొగ అంటారు. గంట గడిచాక కూడా ఎక్కడివాళ్లు అక్కడే ఉంటారు. ఈ సాయంత్రం ఆ రెండు మాటలూ కాసేపు పక్కనపెట్టి ఒకే ఒక్క విషయం పట్టుకుందాం: రియాక్టరు ఆపేశాక దాంట్లో మిగిలే వేడి. 2011లో జపాన్‌లోని ఫుకుషిమా అణు కేంద్రంలో జరిగిందంతా ఆ వేడితోనే జరిగింది.

కూడంకుళంలో ఉన్నలాంటి 1,000 మెగావాట్ల రియాక్టరు తీసుకోండి. కరెంటుగా బయటికొచ్చేది వెయ్యి అయితే లోపల పుట్టే వేడి 3,000 మెగావాట్లు. నియంత్రణ కడ్డీలు దిగగానే విచ్ఛిత్తి, అంటే యురేనియం పరమాణువులు చీలడం, ఆగిపోతుంది. కానీ అప్పటిదాకా యురేనియం చీలి పుట్టిన ముక్కలు, అయోడిన్, సీజియం వంటివి, ఇంధనంలోనే ఉంటాయి. అవి తమంతట తామే క్షయమవుతూ వేడినిస్తాయి. ఆ వేడికి స్విచ్చి లేదు. ఆపిన క్షణాన అది మొత్తంలో 6, 7 శాతం, అంటే 200 మెగావాట్ల దరిదాపు. గంటకు ఒకటిన్నర శాతానికి, ఒక రోజుకు అర శాతానికి దిగుతుంది.

అర శాతమే కదా అనిపిస్తుంది. 3,000లో అర శాతం 15 మెగావాట్లు. అంత వేడిని నీళ్లు మరిగించి వదిలించుకోవాలంటే గంటకు సుమారు 21,000 లీటర్లు కావాలి. ఎండాకాలం తిరుపతి వీధుల్లో తిరిగే 5,000 లీటర్ల ట్యాంకరుతో లెక్కేస్తే గంటకు నాలుగు. ఆపిన మొదటి గంట చివర్లో అయితే పన్నెండు ట్యాంకర్లు. వినడానికి పెద్ద పనేం కాదు, ఒక అపార్టుమెంటు కాంప్లెక్సు సెక్రటరీ చేయించగలిగినంత పని. ఫుకుషిమా ఓడిపోయింది సరిగ్గా ఈ ట్యాంకర్ల లెక్క దగ్గరే.

2011 మార్చి 11, మధ్యాహ్నం 2:46. భూకంపం, తీవ్రత 9.0. కేంద్రంలో ఆరు యూనిట్లుంటే ఆ రోజు నడుస్తున్నవి మూడు. మూడూ భూకంపానికి వాటంతట అవే ఆగిపోయాయి. బయటి కరెంటు లైన్లు తెగాయి, డీజిల్ జనరేటర్లు అందుకున్నాయి. ఇంతవరకు అంతా కాగితం మీద రాసుకున్నట్టే నడిచింది. సుమారు 50 నిమిషాల తర్వాత సముద్రం వచ్చింది. కేంద్రానికి లెక్కగట్టుకున్న సునామీ ఎత్తు 5.7 మీటర్లు. రియాక్టర్లున్న నేల 10 మీటర్ల ఎత్తున ఉంది. వచ్చిన నీరు 14, 15 మీటర్లు.

జనరేటర్లలో ఎక్కువ భాగం టర్బైను భవనాల నేలమాళిగల్లో ఉన్నాయి. కరెంటును పంచే ప్యానెళ్లూ అక్కడే. ప్యానెళ్ల సంగతి చర్చల్లో ఎవరూ ఎత్తరు, అసలు దెబ్బ అక్కడ తగిలింది. జనరేటరు పోతే ఇంకోటి తెచ్చుకోవచ్చు. ప్యానెలు ఉప్పునీళ్లలో మునిగితే తెచ్చిన జనరేటరును తగిలించడానికి చోటే ఉండదు. జనరేటరు లారీలు ఆ రాత్రి వచ్చాయి కూడా. తడవకుండా మిగిలిన ఒక ప్యానెలు దాకా బరువైన కేబులును మనుషులే లాగి, కలిపారు. కలిపిన కాసేపటికే ఒకటో యూనిట్లో హైడ్రోజన్ పేలి ఆ కేబులు పాడైంది. ఇక ఐదు, ఆరు యూనిట్లను కాపాడింది గాలితో చల్లబడే ఒకే ఒక్క జనరేటరు. అదీ, దాని ప్యానెలూ నీటికి అందని చోట ఉన్నాయి. అంతకుమించి గొప్ప టెక్నాలజీ ఏమీ లేదందులో.

ఇంకో సంగతి చూడండి. ఆ స్థలం మొదట సముద్రం మీద 35 మీటర్ల గట్టు. కట్టేటప్పుడు గట్టి రాయి అందాలని, సముద్రపు నీళ్లు పైకి తోడే ఖర్చు తగ్గాలని 10 మీటర్లకు చెక్కేశారు. అదే తీరాన, భూకంప కేంద్రానికి ఇంకా దగ్గరగా ఉన్న ఒనగావా కేంద్రాన్ని 14.8 మీటర్ల ఎత్తున కట్టారు. భూకంపానికి నేల మీటరు కుంగింది, అల 13 మీటర్లు వచ్చింది. బొటాబొటిగా బయటపడింది. ఇళ్లు కొట్టుకుపోయిన చుట్టుపక్కల జనం ఆ అణు కేంద్రంలోనే తలదాచుకున్నారు. ఫుకుషిమా యాజమాన్యం 2008లో వేయించిన లెక్కల్లోనే 15.7 మీటర్ల అల రావొచ్చని తేలింది. లెక్క ఫైల్లో ఉండిపోయింది. 2012లో జపాన్ పార్లమెంటు వేసిన స్వతంత్ర కమిషన్ దీన్ని మనుషులు చేసిన ప్రమాదం అన్నది ఊరికే కాదు.

ఇప్పుడు ట్యాంకర్ల దగ్గరికి వద్దాం. ఫైరింజన్లు ఉన్నాయి, పక్కనే సముద్రం ఉంది. నీళ్లు ఎందుకు ఎక్కలేదు? కుక్కరు ఆవిరి పట్టి ఉన్నప్పుడు మూత తీసి నీళ్లు పోయలేం కదా, ముందు విజిల్ ఎత్తి ఆవిరి వదలాలి. ఆ రియాక్టర్లో పీడనం చదరపు సెంటీమీటరుకు 70 కిలోలు. ఫైరింజను పంపు తోసేది 10 కిలోల లోపే. కాబట్టి ముందు ఆవిరి వాల్వులు తెరవాలి. ఆ వాల్వులకు బ్యాటరీ కరెంటు కావాలి. బ్యాటరీలూ మునిగాయి, లేదా అయిపోయాయి. సిబ్బంది పార్కింగులో ఉన్న కార్ల బ్యాటరీలు ఊడదీసుకొచ్చి, 12 వోల్టులవి పది వరసగా కలిపి, 120 వోల్టులు చేసి వాల్వు తెరిచారు. అది రెండు, మూడు రోజులు గడిచాక. అప్పటికే ఇంధనం నీళ్లలోంచి బయటపడింది. ఇంధన కడ్డీల తొడుగు జిర్కోనియం. 1,200 డిగ్రీల దగ్గర అది ఆవిరితో కలిసి హైడ్రోజన్‌ను పుట్టిస్తుంది, ఆ చర్యే మరింత వేడినిస్తుంది. పైకప్పులు ఎగిరిపోవడం మనం టీవీలో చూసింది ఆ హైడ్రోజన్ వల్లే. అణుబాంబు పేలడం కాదది.

ఎక్కించిన నీళ్లయినా పూర్తిగా చేరాయా అంటే అదీ లేదు. పక్క పైపుల దారిలో కొంత నీరు, టర్బైను ఆవిరిని నీరుగా మార్చే కండెన్సరు వైపు పోయింది. ఇంట్లో మోటారు వేసి పైట్యాంకు నిండుతోందనుకుంటే, వాల్వు సరిగా మూయక నీళ్లు వేరే పోర్షన్‌కు పోయినట్టు.

ఒకటో యూనిట్లో తప్పు మరో రకం. పంపు అక్కర్లేకుండా ఆవిరిని చల్లబరిచి నీరుగా తిరిగి పంపే ఏర్పాటు ఒకటి ఉంది. పైపు పగిలితే లీకు ఆగాలని, నియంత్రణ కరెంటు పోగానే దాని వాల్వులు మూసుకునేలా చేశారు. లీకు గురించి ఆలోచించినప్పుడు అది మంచి నిర్ణయమే. కానీ అల వచ్చి కరెంటు పోయిన క్షణాన, లీకు లేకపోయినా, అవి మూసుకోబోయాయి. కంట్రోల్ రూములో దీపాలు ఆరిపోయాయి కాబట్టి మూసుకున్నాయో తెరిచున్నాయో తెలియలేదు. పైవాళ్లు చాలా గంటలు అది పనిచేస్తోందనే అనుకున్నారు. కరెంటు పోతే ఏ వాల్వు ఎటు తిరగాలి అన్నది ఇంజనీరు బల్ల మీద చిన్న గీత. దాని ఖరీదు మాత్రం ఇంత.

మన దేశం సంగతి. 1993 మార్చి 31 తెల్లవారుజామున ఉత్తరప్రదేశ్‌లోని నరోరాలో టర్బైను రెక్కలు రెండు విరిగాయి. కుదుపుకు జనరేటరును చల్లబరిచే హైడ్రోజన్ లీకై అంటుకుంది. ప్రధాన కరెంటు కేబుళ్లు, అత్యవసర కేబుళ్లు పక్కపక్కనే వేసి ఉండడంతో రెండూ కాలాయి. 17 గంటలు కేంద్రంలో కరెంటు లేదు. సునామీ లేకుండానే ఫుకుషిమా పరిస్థితి. అక్కడ నిలబెట్టింది డీజిల్‌తో నడిచే ఫైర్ పంపులు: వాటి నీళ్లను ఆవిరి జనరేటర్లలోకి మళ్లించారు. రియాక్టరును చల్లబరిచే భారజలంలో వేడెక్కింది పైకి, చల్లబడింది కిందికి, పంపు లేకుండా దానంతట అదే తిరిగింది. విచ్ఛిత్తి మళ్లీ మొదలవకుండా సిబ్బంది టార్చిలైట్లతో పైకెక్కి చేత్తో బోరాన్ కలిపారు. మన భారజల రియాక్టర్ల అమరికలో ఈ సౌకర్యం ఉన్నమాట నిజం. కేబుళ్లు పక్కపక్కన వేసిన బుద్ధితక్కువతనమూ అంతే నిజం.

2004 డిసెంబరు 26న, సునామీ వచ్చిన రోజు, తమిళనాడు తీరంలోని కల్పాక్కం అణు కేంద్రంలో రెండో యూనిటు నడుస్తోంది. సముద్రం గట్టు దాటి రియాక్టరు మీదికి రాలేదు. చల్లబరిచే నీటి కోసం సముద్రంలోకి వేసిన సొరంగం గుండా పంపుహౌసులోకి ఎక్కింది. పంపులు ఆగాయి, రియాక్టరును క్షేమంగా ఆపారు. పక్కనే కడుతున్న ఫాస్ట్ బ్రీడర్ రియాక్టరు పునాది గొయ్యి నిండిపోయింది. నీటి దారి మనం తవ్విందే అయ్యుండవచ్చని అక్కడ తేలింది. 2021 నవంబరు వానలకు తిరుపతి దగ్గరి రాయలచెరువు కట్ట ఊటెత్తి, కింది ఊళ్లను ఖాళీ చేయించిన సంగతి ఇక్కడ అందరికీ గుర్తుంది. కట్ట ఎంత వెడల్పన్నది ఒక ప్రశ్న. నీరు ఏ సందులోంచి వస్తుంది, మరవ (అదనపు నీరు బయటికి పోయే దారి) ఎంత పారుతుంది అన్నవి వేరే ప్రశ్నలు. చెరువు కింద సేద్యం చేసేవాళ్లకు ఈ తేడా చెప్పనక్కర్లేదు.

ఫుకుషిమా తర్వాత మన కేంద్రాల్లో బయటినుంచి ఫైరింజనుతో నీళ్లు ఎక్కించేందుకు ప్రత్యేక పైపు కనెక్షన్లు పెట్టారు. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో తలపెట్టిన ఆరు యూనిట్లు, ఒక్కోటి 1,208 మెగావాట్లవి, వేరే పద్ధతి: పైన ట్యాంకు, కరెంటు లేకున్నా 72 గంటలు నీరు కిందికి దిగుతుంది. బాగానే ఉంది. మనం అడగవలసింది 73వ గంట గురించి. ఆ ట్యాంకును నింపేది ఏ పంపు, దాని డీజిల్ ఎన్ని రోజులకుంది, తుపాను రాత్రి చెట్లు పడిన రోడ్డు మీద లారీ ఎటునుంచి వస్తుంది? ఫైరింజను గొట్టం కప్లింగు అక్కడి పైపు మూతికి సరిపోతుందో లేదో ఏటా తగిలించి చూస్తున్నారా? ప్యానెలు గది ఎన్ని మీటర్ల ఎత్తున? ప్రజాభిప్రాయ సేకరణలో “సురక్షితమేనా” అని అడిగితే “సురక్షితమే” అంటారు. మీటర్లలో, గంటల్లో అడిగితే మీటర్లలోనే చెప్పాలి.

ఇక మన ఊరు. కల్పాక్కం నుంచి తిరుపతికైనా చిత్తూరుకైనా గీత గీస్తే సుమారు 140 కిలోమీటర్లు. అత్యవసర ప్రణాళిక వేసే పరిధి 16 కిలోమీటర్లు. అంటే మనకు ఖాళీ చేసే అవసరం రాదనే అనుకోవచ్చు, రాకపోవడమే మంచిది కూడా. ఫుకుషిమా జిల్లాలో తరలింపు కష్టాల వల్ల, ముఖ్యంగా ముసలివాళ్లు, 2,000 మందికి పైగా చనిపోయినట్టు అధికారికంగా నమోదైంది. కానీ 220 కిలోమీటర్ల పైన ఉన్న టోక్యోలో కుళాయి నీళ్లలో లీటరుకు 210 బెకరెల్‌ల (రేడియోధార్మికతను కొలిచే ప్రమాణం) అయోడిన్-131 కనిపించింది. పసిపిల్లలకు పరిమితి 100. దూరం ఒక్కటే చాలదు, గాలీ వానా చూడాలి. కల్పాక్కానికి మనం వాయవ్యంగా ఉన్నాం కనుక ఆగ్నేయపు గాలి వీచిన రోజు, ఆపైన జల్లు పడిన రోజు లెక్కలోకి వస్తుంది. పై గాలులను కొలిచే రాడారు మన గాదంకిలోనే ఉంది.

ఉప్పు గురించి ఒక మాట. 2011 మార్చిలో చైనాలో జనం అయోడిన్ ఉప్పు ప్యాకెట్ల కోసం ఎగబడ్డారు. పెద్దవాళ్లకు ఇచ్చే 130 మిల్లీగ్రాముల పొటాషియం అయోడైడ్ మాత్రలో అయోడిన్ 100 మిల్లీగ్రాములు. మన ఉప్పులో ఉండాల్సింది కిలోకు కనీసం 15 మిల్లీగ్రాములు. ఆ లెక్కన మాత్రకు సరిపడా రావాలంటే ఆరున్నర కిలోలకు పైగా ఉప్పు తినాలి. మాత్ర కూడా కలుషితమైన గాలి రాకముందో, వచ్చిన రెండు గంటల్లోపో వేసుకోవాలి, అధికారులు చెప్పాకే. అది థైరాయిడ్‌ను అయోడిన్ నుంచి కాపాడుతుంది, సీజియానికి పనికిరాదు.

మన జిల్లాకు అసలు సంగతి పాలు. చెర్నోబిల్ దగ్గర పిల్లలకు థైరాయిడ్ క్యాన్సర్లు ఎక్కువగా వచ్చింది పాల దారిలోనే: గాలినుంచి గడ్డి మీదికి, ఆవులోకి, గ్లాసులోకి. ఆవు రోజంతా బీడు మీద మేస్తుంది కనుక ఎకరాల కొద్దీ రాలిన దాన్ని ఒక పొదుగులోకి చేరుస్తుంది. దీన్ని తెంపడం కష్టమేం కాదు. కబురు రాగానే ఆవుల్ని మేతకు వదలకుండా కట్టేయాలి. తొట్టి మీద మూత, బోరు నీళ్లే తాపడం. గడ్డివామి మీద టార్పాలిన్ కప్పి ఉంటే సరే, లేకుంటే పైపొర జానెడు తీసి పక్కన పడేసి లోపలి గడ్డి వేయాలి. అయోడిన్-131 సగం కావడానికి 8 రోజులు. అయోడిన్ కలిసిన పాలను పారబోయకుండా పొడి చేసి 80 రోజులు గోదాములో ఉంచితే అందులో అయోడిన్ వెయ్యోవంతుకు దిగుతుంది. సీజియం-137కు ఆ కిటుకు పనిచేయదు, సగం కావడానికే 30 ఏళ్లు. కానీ శుభ్రమైన మేత పెడితే ఆవు ఒంట్లోంచి అది కొన్ని వారాల్లో వెళ్లిపోతుంది. అన్ని వారాలకు సరిపడా కప్పి ఉంచిన మేత ఆ పశువుల కొట్టంలో ఉండాలి.